సున్నాకు భయపడ్డ మేస్త్రీ

కర్మాంతరం ముగించుకుని గుడియాత్తం నుంచి వేలూరు బాగాయంలోని మా ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు వాలలేదు. కాళ్ళు కడుక్కుని, ఊరికే కూర్చోలేక కంప్యూటర్ తెరిచాను. ఒక ఉత్తరం వచ్చి ఉంది. రాసింది నాకు మొహం తెలియని మనిషి. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, ఎవరైనా తెరిచి చూసి తప్పు దిద్దగల గణిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళలో ఆ మనిషి ఒకరు. చాలా మర్యాదగా రాశారు. కొన్నేళ్ళ కిందట మీరు దిద్దిన లెక్క సరిగానే ఉంది గానీ నెమ్మదిగా నడుస్తోంది, కొలతలను రెండుసార్లు కాకుండా ఒక్కసారే చూసేటట్టు మారిస్తే సగం సమయం మిగులుతుంది, అలా మార్చడానికి మీరు పెట్టిన ఒక పరీక్ష అడ్డం వస్తోంది, అది ఇంకా అవసరమా, తీసేయవచ్చా అని అడిగారు. ఆ పరీక్ష పేరు కూడా రాశారు: గుడియాత్తం గోడ.

జవాబు రాయలేదు. ముందు తలెత్తి మా ఇంటి కప్పును నాలుగు మూలలా చూశాను. అలా చూడటం నా అలవాటు కాదు, ఆయనది. నేను కర్మాంతరం తిని వచ్చింది ఆయనదే.

ఆయన పేరు రాయను. రాయొద్దని ఆయనే అన్నాడు. ఎందుకన్నాడో తర్వాత చెబుతాను. మా నాయనతో కలిసి ముప్పై ఏళ్ళు గోడలు కట్టిన మేస్త్రీ. రక్తసంబంధం లేకపోయినా నాకు పెదనాయన. నేను సివిల్ ఇంజినీరింగు చదివి వేలూరులో కట్టడాల డిజైన్లు చేసే చిన్న ఆఫీసులో చేరినప్పుడు మా బంధువులంతా సంతోషపడితే, ఆయన ఒక్కడే దిగులుపడ్డాడు. "ఇంక నువ్వు గూడా భయపడాల్సిందే పాపా" అన్నాడు.

ఎవరింటికి వెళ్ళినా ఆయన మొదట మనుషులను పలకరించడు. గడప దగ్గర నిలబడి కప్పు చూస్తాడు. తర్వాత దూలం చూస్తాడు. ఆ తర్వాతే చెప్పులు విప్పుతాడు. మా అమ్మకు ఒళ్ళు మండేది. "మమ్మల్ని చూసేదానికి వచ్చినావా, మా మిద్దెను చూసేదానికి వచ్చినావా?" అనేది. "మిద్దె బాగుంటే గదమ్మా మీరు బాగుండేది" అనేవాడు ఆయన, ఏమాత్రం నవ్వకుండా. నా పెళ్ళి భోజనాల్లో వడ్డన మొదలయ్యాక ఒక వరుస మొత్తాన్ని లేపి ఇంకో వరుసలో కూర్చోబెట్టాడు. పైన వేలాడే ఫ్యాను కొక్కెం ఆయనకు నచ్చలేదు. మా అత్తగారి తరఫువాళ్ళు ఆకులు చేత పట్టుకుని లేచి నిలబడటం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఆ రోజు ఆయన్ను చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

గోడను కుడిచేతి మధ్యవేలు మడిచి, కణుపుతో కొట్టి, చెవి దగ్గరపెట్టి వినేవాడు. ఆ కణుపు కాయ కాచి ఉండేది. ఒక్క వేలూరు కోట గోడ దగ్గర మాత్రం ఆయన నవ్వగా చూశాను. ఆ రాళ్ళను కిందనుంచి పైదాకా చూసి, "దీన్ని కట్టినోడు నాకన్నా భయస్తుడు" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

పని పూర్తయిందని ఎన్నడూ అనేవాడు కాదు. ఇల్లు కట్టి, రంగులు వేసి, గృహప్రవేశం భోజనాలు కూడా అయ్యాక, "అయిపోయిందా మేస్త్రీ?" అని ఎవరైనా అడిగితే, "ఇప్పుటికి నిలబడి ఉండాది" అనేవాడు. తోటి మేస్త్రీలు ఆయన్ను భయం మేస్త్రీ అని పిలిచేవాళ్ళు. అరవంలో, తెలుగులో, రెండింటినీ కలిపి కూడా ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఒకసారి మాత్రం నాతో, "కావేరిపాక్కంలో ఒక సజ్జ పాపా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. కిటికీ మీది సజ్జ ఎవరి మీద పడిందో, అప్పుడు ఆయన వయసెంతో, తప్పెవరిదో నేను అడగలేదు. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఉన్నాడు, చేతులకు ఏమీ అంటకపోయినా.

ఆయన పనితీరులో ఇంకొక అలవాటు ఉంది, అది చెప్పకపోతే మిగతా కథ చెప్పలేను. మేస్త్రీలు రెండు గోడల మట్టం సరిచూడటానికి నీళ్ళు నింపిన పొడవాటి పారదర్శకపు గొట్టం వాడతారు. ఇద్దరు మనుషులు చెరో కొన పట్టుకుని చెరో గోడ దగ్గర నిలబడతారు. రెండు కొనల్లో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గుర్తు పెడతారు. లోకంలో అందరూ అక్కడితో ఆపేస్తారు. ఈయన మాత్రం ఆ ఇద్దరినీ కొనలు మార్చుకోమనేవాడు. ఇటు కొన అటు, అటు కొన ఇటు. మళ్ళీ గుర్తు పెట్టించేవాడు. రెండు గుర్తులూ ఒకచోట పడితేనే ఇటుక వేయనిచ్చేవాడు.

"నీళ్ళు అబద్ధం చెప్తాయా పెదనాయనా?" అని చిన్నప్పుడు అడిగాను.

"నీళ్ళు చెప్పవు. లోపల ఇరుక్కున్న గాలి చెప్తాది" అన్నాడు.

గుడియాత్తం బజారు వెనక సందులో ఒక పాత మేడ ఉండేది. లుంగీలు మడతపెట్టి, అట్టపెట్టెల్లో సర్ది, కట్టలు కట్టే చోటు. ఇంటావిడ మనవాళ్ళే, తెలుగు కోమట్లు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం చదవలేదు. మా పెదనాయనా అంతే. కింది గదిలో పడమటి గోడకు ఆనుకుని పదకొండు మంది ఆడవాళ్ళు కూర్చుని పని చేసేవాళ్ళు. కిటికీ వెలుతురు ఆ గోడ వైపే ఉండేది. పక్క స్థలంవాళ్ళు సెల్లార్ కోసం లోతుగా గొయ్యి తవ్వాక ఆ గోడలో బీట కనబడింది. ఆడవాళ్ళను అక్కడ కూర్చోనివ్వవచ్చా లేదా అని తేల్చమని ఇంటావిడ మా ఆఫీసును అడిగింది. గోడను కనిపెట్టుకుని ఉండమని పెదనాయనను పెట్టుకుంది.

నేను గోడకు ఒక చిన్న పెట్టె బిగించాను. అది తానున్న చోటి ఎత్తును నిమిష నిమిషానికీ కొలిచి వేలూరులోని నా కంప్యూటర్‌కు పంపుతుంది. గోడ కుంగితే ఆ ఎత్తు మారాలి. అంతవరకు బాగానే ఉంది. నేను ఇంకాస్త గొప్పకు పోయాను. ఏదో ఒక గుర్తునుంచి కాకుండా సముద్రమట్టం నుంచి కొలవాలనుకున్నాను. రైలు స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం ఎత్తు రాసి ఉంటుంది గదా. గుడియాత్తం స్టేషన్ నుంచి ఆ ఎత్తును మెట్టు మెట్టుగా కొలుచుకుంటూ, రెండు రోజులు ఎండలో నడిచి, ఆ గోడ దాకా తెచ్చాను. కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాయించాను. ఒక్కొక్కటి రెండు లక్షల చిల్లర.

"సముద్రం కాడినుంచి ఎందుకమ్మా?" అన్నాడు పెదనాయన. "గోడ గుడియాత్తంలో గదా ఉండేది?"

"అట్లయితేనే ఖచ్చితంగా ఉంటాది" అన్నాను. చదువుకున్నదాన్ని కదా.

పెట్టె పంపిన చివరి వంద కొలతలను నా ప్రోగ్రాము ఆ ఉచిత గణిత సాఫ్ట్‌వేర్‌కు అందించి ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఇవి ఒకదానికొకటి ఎంత అటూఇటూగా ఉన్నాయి? అంటే, గోడ ఎంత కదులుతోంది? జవాబు సున్నా వచ్చింది. మరునాడూ సున్నా. వారమంతా సున్నా. గోడ కదలడం లేదు, పని కొనసాగించవచ్చు అని కాగితం రాసి, సంతకం పెట్టి, ఇంటావిడకు ఇచ్చాను.

పెదనాయన తన పద్ధతిలో తాను చేశాడు. అర అంగుళం వెడల్పు పల్చటి గాజు ముక్కను బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొనలనూ సిమెంటుతో అతికించాడు. సిమెంటు తడి ఆరకముందే మేకుతో అరవంలో తేదీ గీశాడు. గోడ కదిలితే గాజు పగులుతుంది. అంతే దాని లెక్క.

నేను నా ఫోన్‌లో సున్నాను చూపించాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. మొహం మాడిపోయింది.

"ఎన్ని దినాలుగా ఇట్ల ఉండాది?"

"పెట్టినప్పుటినుంచి."

"పగలూ అంతేనా? ఎండ కాసినప్పుడూ అంతేనా?"

"అంతే. కదల్లేదు పెదనాయనా. మంచిదే గదా?"

"మంచి గోడ గూడా ఎండకు ఉబ్బుతాది, చల్లబడితే ముడుచుకుంటాది. బతికుండే గోడ ఏదీ సున్నా ఉండదు" అన్నాడు. గోడమీద చెయ్యి వేసి, తీసేసి, లుంగీకి తుడుచుకున్నాడు. "కొంచెం వచ్చింటే నాకు నిద్ర పట్టేది పాపా. సున్నా వచ్చింది. పయమా ఇరుక్కు."

భయంగా ఉందని ఆయన అరవంలో అన్నాడంటే నిజంగా భయపడుతున్నాడని అర్థం. నాకు ఆ సంగతి తెలుసు. అయినా నవ్వి, బస్సెక్కి వేలూరు వచ్చేశాను.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం టీ తాగుతుంటే ఫోన్ చేశాడు.

"గాజు పగిలింది."

నేను తెర చూశాను. సున్నా. "ఎవురిదైనా మోచెయ్యి తగిలిందేమో" అన్నాను.

ఆయన వెనక ఆడవాళ్ళ మాటలు, మడతపెట్టిన బట్టను చరిచే చప్పుడు వినబడుతున్నాయి. "నీ పెట్టె ఇప్పుడు గూడా సున్నా అంటా ఉండాదా?"

"అవును."

"అయితే ఇంకా భయం" అని పెట్టేశాడు.

వెంటనే గుడియాత్తం బస్సెక్కాను. కాట్పాడి దాటి, లత్తేరి దాటి బస్సు పోతూ ఉంటే నేను నిమిషానికోసారి ఫోన్ చూసుకున్నాను. సున్నా, సున్నా, సున్నా. ఆ గోడ పక్కన పదకొండు మందీ ఇంకా కూర్చునే ఉన్నారా, లేచారా తెలియదు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తడం లేదు. అక్కడ నా సంతకం ఉంది. నా జీవితంలో సున్నాను చూసి అంత భయపడింది అదే మొదలు. నోరు ఎండిపోయి కండక్టర్‌కు ఊరి పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా సందులో నిలబడి ఉన్నారు. ఇంటావిడ పెదనాయన మీద విరుచుకుపడుతోంది. సాయంత్రం లారీకి సరుకు ఎక్కించాలి. "ఇంజినీరమ్మ కాయితం ఇచ్చింది గదప్పా, నువ్వేంది మద్దెలో?" అంటోంది.

"కాయితం గోడను పట్టుకోదు గదమ్మా" అంటున్నాడు ఆయన, వాకిలికి అడ్డంగా నిలబడి. ఆయన కళ్ళు మాటిమాటికీ పైకప్పు వైపు పోతున్నాయి. అయినా జరగలేదు.

నన్ను చూసి లోపలికి రమ్మని సైగ చేశాడు. పగిలిన గాజుకు పైన, బీట సన్నబడేచోట ఇంకో గాజు అతికించి ఉంది, ముందురోజుదట. సిమెంటు గట్టిపడి ఉంది. "మాట్లాడొద్దు, విను" అన్నాడు. ఇద్దరం నిలబడ్డాం. గదిలో ఎవరూ లేరు. సగం మడిచిన లుంగీలు నేలమీద అలాగే పడి ఉన్నాయి. ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. టిక్కుమని చిన్న చప్పుడు, గోళ్ళు తీసినప్పటి చప్పుడంత. గాజు మధ్యలో ఒక గీత వచ్చింది. నా చేతిలో ఫోన్ సున్నా చూపిస్తూనే ఉంది.

ఇద్దరం పరిగెత్తి బయటికి వచ్చాం. ఇంటావిడ మా మొహాలు చూసి ఇంకేమీ అడగలేదు.

మరుసటి రోజు ఆయన తన మనుషులతో ఆ గోడను పైనుంచి ఒక్కో ఇటుకా తీయించాడు. గునపం అక్కర్లేకపోయింది. ఇటుకలు చేత్తోనే వచ్చేశాయి. మధ్యలో గార అంతా పిండి అయిపోయి ఉంది. ఒక ఇటుక తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే బాగాయం వచ్చాడు. కప్పు చూసి, చెప్పులు విప్పి, నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. "ఆ సున్నా యాడినుంచి వచ్చిందో చూపీ" అన్నాడు.

సాఫ్ట్‌వేర్ లోపలి లెక్కను తెరిచి, ఒక్కో వరుసా తెలుగులో చెప్పాను. కంప్యూటర్ ఒక సంఖ్యకు ఒక గది ఇస్తుంది, మా పెట్టె పంపే రకం సంఖ్యకు ఆ గదిలో ఏడు అంకెల దాకా పడతాయి, మిగతావి రాలిపోతాయి. ఈ లెక్క ప్రతి కొలతనూ దానితోనే హెచ్చిస్తుంది. రెండు లక్షల చిల్లరను అలా హెచ్చిస్తే పదకొండు అంకెలు వస్తాయి. చివరి నాలుగూ రాలిపోతాయి. తర్వాత రెండు పెద్ద మొత్తాలు చేసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. గోడ కదలిక మొత్తం ఆ రాలిపోయిన అంకెల్లోనే ఉంది.

"రాలిపోతే తప్పు రావాల గదా. సున్నా ఎందుకొచ్చింది?"

కింది వరుస చదివాను. జవాబు సున్నాకన్నా తక్కువ వస్తే సున్నా అనుకో అని ఎవరో రాసి పెట్టారు. అటూఇటూ ఊగడం సున్నాకన్నా తక్కువ ఉండదు కదా. అలా వచ్చిందంటే లెక్క చెడిందని అర్థం. రాసినవాళ్ళు అది తెలిసే, చూడటానికి బాగుండదని సున్నా చేశారు.

పెదనాయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "బీట మీద వెల్ల వేసినారు" అన్నాడు. మళ్ళీ, "నాకు తెలీలేదు అని చెప్పొచ్చు గదా పాపా, లెక్క? తెలీకపోతే తెలీదని చెప్పేదానికి ఏం నొప్పి?" అన్నాడు.

ఆయనకు ఏడు అంకెల గది సంగతి పూర్తిగా అర్థమైందో లేదో నాకు తెలియదు. కానీ మందు ఆయనే చెప్పాడు. "మేము ప్రతి స్తంభానికీ పక్కనే నీలం గీత కొట్టుకుంటాము. దాన్నించి కొలుస్తాము. నువ్వు సముద్రం కాడినించి కొలిస్తే అంకెలు రాలకుండా ఎట్లుంటాయి? గోడ పక్కన గురుతు పెట్టు." అంటే మొదటి కొలతను గుర్తుగా పెట్టుకుని, మిగతా కొలతలన్నిట్లోంచి దాన్ని తీసేసి, ఆ మిగిలిన చిన్న సంఖ్యలతో లెక్క చేయాలి. చేశాను. గాజు పగిలిన రోజు వంద కొలతలు ఇచ్చాను. కదలిక కనబడింది, స్పష్టంగా. అది చూసి నాకు ఏడుపొచ్చింది. వెంటనే సాఫ్ట్‌వేర్‌వాళ్ళకు పంపేయబోయాను.

"దీన్ని ఇంకా ఎవురెవురు వాడుకుంటా ఉండారు?" అన్నాడు.

"ఎవరైనా వాడుకోవచ్చు పెదనాయనా. ఊరూరా ఉంటారు. వంతెనలవాళ్ళు, ఆనకట్టలవాళ్ళు, ఆస్పత్రివాళ్ళు గూడా."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వాళ్ళందరికీ సున్నా వస్తా ఉంటాదా?" అన్నాడు. మళ్ళీ, "మనం మార్చింది తప్పయితే వాళ్ళందరికీ మన తప్పు పోతాదా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగానే, "తిరగేసి చూసినావా?" అన్నాడు.

వరుస మారిస్తే జవాబు మారదని వాదించాను. కొనలు మార్చమన్నాడు. ఆయన బాధ పడలేక, పెట్టె పుట్టినప్పటినుంచి పంపిన కొలతలన్నిటినీ రెండు దారుల్లో పంపాను: మొదటి రోజునుంచి చివరికి, చివరినుంచి మొదటికి. గాజు పగిలిన రోజువి అవే వంద కొలతలు. వెనకనుంచి వస్తే కదలిక. ముందునుంచి వస్తే సున్నా.

ఇంకొంచెంలో పంపేసి ఉండేదాన్ని.

"మొదటి గురుతు యాడ పెట్టినావు?" అన్నాడు.

వెతికి చూస్తే, పెట్టెను గోడకు బిగించకముందు వేలూరులో నా బల్ల మీద ఒకసారి వెలిగించి చూశాను. ఎత్తు ఇంకా చెప్పలేదు గనుక అది పంపిన మొట్టమొదటి కొలత సున్నా. నా లెక్క దాన్నే గుర్తుగా పట్టుకుంది. సున్నానుంచి కొలవడమంటే మళ్ళీ సముద్రంనుంచి కొలవడమే. తప్పు ఎక్కడికీ పోలేదు, తలుపు వెనక నక్కి కూర్చుంది.

మూడు ఆదివారాలు పట్టింది. చివరికి ఇలా చేశాం: ఏ వంద కొలతలను చూస్తున్నామో వాటి మధ్యలోనే గుర్తు పెట్టాలి. ఒకసారి వందనూ చూసి మధ్య ఎక్కడో కనుక్కోవాలి, రెండోసారి మళ్ళీ వందనూ చూసి అక్కడినుంచి కొలవాలి. రెండుసార్లు చూడాలి. సున్నా చేసే వరుస తీసేసి, లెక్క చెడితే చెడిందని చెప్పే వరుస పెట్టాం. వాటితోపాటు ఆ వంద కొలతలనూ, వాటి ముందు నా బల్ల మీది సున్నానూ కలిపి ఒక పరీక్షగా పంపాం. ఇకమీదట ఎవరు ఆ లెక్కను మార్చినా ముందు ఈ పరీక్ష నడుస్తుంది. కదలిక కనబడకపోతే మార్పును ఒప్పుకోదు.

పంపేముందు దిద్దినవాళ్ళ పేర్లు రాసే చోటు వచ్చింది. ఆయన పేరు కొట్టబోయాను. నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

"నా పేరు యేయొద్దు. రేపు యాడన్నా ఏదన్నా కూలితే?"

"కూలకుండా ఉండేదానికే గదా ఇది?"

"సజ్జ గూడా కూలకుండా ఉండేదానికే కట్టినాను పాపా" అన్నాడు.

అందుకే పేరు రాయలేదు. అప్పుడూ, ఇప్పుడూ. పరీక్షకు మాత్రం గుడియాత్తం గోడ అని పెట్టాను. కొన్ని వారాలకు వాళ్ళు ఒప్పుకుని కలుపుకున్నారు. ఆ కబురు ఫోన్‌లో చెబితే ఆయన సంతోషించలేదు. "ఇప్పుటికి నిలబడి ఉండాదా?" అన్నాడు. ఉంది అన్నాను.

అప్పటినుంచి ఎప్పుడు కలిసినా అదే ప్రశ్న. పెళ్ళిలో, బజారులో, ఒకసారి మా నాయన ఆపరేషనుకు వేలూరు ఆస్పత్రి వరండాలో అందరం కూర్చుని ఉన్నప్పుడు కూడా. "మన లెక్క నిలబడి ఉండాదా?" నేను ఆటపట్టించేదాన్ని, "దానికేమి పెదనాయనా, నీకన్నా గట్టిగా ఉండాది" అని. నవ్వేవాడు కాదు. "చూసి చెప్తావా, ఊరికే చెప్తావా?" అనేవాడు. నిజం చెప్పాలంటే ఊరికే చెప్పేదాన్ని. ఇప్పుడు అదే నన్ను పీకుతోంది.

ఆయన పోయినప్పుడు గుండె ఆగిందన్నారు. పగటిపూట, వరండాలో, రేకుల కింద, నులకమంచం మీద. మిద్దె కింద ఆయన ఎన్నడూ పడుకోలేదని పెద్దమ్మ చెప్పింది. కర్మాంతరం రోజు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, వంటింటి గోడలో వెంట్రుకంత బీట, దానికి అడ్డంగా గాజు ముక్క కనబడ్డాయి. సిమెంటు మీద అరవంలో తేదీ. ఈ ఏడాదిదే. గాజు పగలలేదు. వేలు మడిచి గోడను కొట్టి, చెవి పెట్టాను. ఏం వినాలో నాకు తెలియలేదు. అది ఆయనను ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు ఈ ఉత్తరం. వాళ్ళ మార్పును దించుకుని, ఒక్కసారే చూసే ఆ వేగమైన లెక్కకు మా వంద కొలతలనూ, వాటి ముందున్న బల్ల మీది సున్నాతో సహా ఇచ్చాను. తక్కువ వస్తే సున్నా అనుకునే పాత వరుస అందులో మళ్ళీ వచ్చి చేరింది. సున్నా వచ్చింది. వెనకనుంచి ఇచ్చాను, కదలిక వచ్చింది. ముందునుంచి ఇచ్చాను, సున్నా. మూడుసార్లు చేశాను. రాసింది చెడ్డవాళ్ళు కాదు, బద్ధకస్థులూ కాదు. నేను కాగితం మీద సంతకం పెట్టినప్పుడు ఎలా ఉన్నానో వాళ్ళూ అలాగే ఉన్నారు.

లెక్క ఇచ్చిన రెండు జవాబులనూ అడుగున జతచేసి, ఉత్తరానికి బదులు రాశాను. పెద్దగా రాయడం చేతకాలేదు. "ఆ గోడ ఇప్పుడు లేదు. తీసేసినప్పుడు దాని కింద ఎవరూ లేరు. పరీక్షను తీసేయకండి" అని రాసి పంపాను.

ఇది రాస్తున్నప్పటికి వాళ్ళ దగ్గరనుంచి బదులు రాలేదు. రోజూ పొద్దున ఊరికే ఉందిలే అనుకోకుండా, తెరిచి, ఆ పరీక్షను నడిపి చూస్తున్నాను.

ఇప్పటికి నిలబడి ఉంది.